తర్జుమాలో నేను కలిపిన మాట

మా నాన్న బడిపంతులు. కారేపల్లి దగ్గర చర్చి వాళ్ళు నడిపే చిన్న బడిలో ఐదో తరగతి దాకా అన్నీ ఆయనే చెప్పేవాడు. కానీ మా చుట్టుపక్కల ఆయనకున్న పేరు బడి వల్ల వచ్చింది కాదు. ఎండాకాలం వస్తే ఊళ్ళల్లో షామియానాలు వేసి సువార్త కూటాలు పెడతారు. కేరళ నుంచో మద్రాసు నుంచో బోధకులు వచ్చి ఇంగ్లీషులో చెబుతారు. పక్కనే ఇంకో మైకు పట్టుకుని ఒకాయన నిలబడి, వాక్యం తర్వాత వాక్యం తెలుగు చేస్తాడు. ఏన్కూరు నుంచి ఇల్లెందు దాకా ఆ రెండో మైకు మా నాన్నది.

ఆ పనిలో ఆయనకు ఒకటే నియమం. పెద్దాయన ఏమంటే అదే అనాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. ఒకసారి ఒక బోధకుడు బైబిల్లో అధ్యాయం సంఖ్య పొరపాటున తప్పు చెప్పాడు. తప్పని నాన్నకు తెలుసు. అయినా ఆ తప్పు సంఖ్యనే తెలుగులో గట్టిగా చెప్పాడు. షామియానా కింద జనమంతా పేజీలు తిరగేసి తిరగేసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంటికొచ్చాక అమ్మ దులిపేసింది.

"తెలిసి తెలిసి తప్పెట్ల చెప్పినవయ్యా?"

నాన్న తాపీగా కాళ్ళు కడుక్కుంటూ, "కావడి మోసెటోనికి కుండల ఏముందో ఎందుకే? నీళ్ళున్నా మోయాలె, కల్లున్నా మోయాలె" అన్నాడు.

"గీ మాట పాస్టరు గారి ముందట అను చూస్త" అంది అమ్మ.

ఆ నియమాన్ని నేను ఒకసారి తప్పాను. నాన్న అక్కడ లేడు. ఉన్నా ఆపేవాడో లేదో నాకిప్పటికీ తెలియదు. ఇప్పుడు ఆయన కూడా లేడు కాబట్టి రాస్తున్నాను.

ఇంట్లో పిల్లలం ఇద్దరమే, నేనూ చెల్లే. నాకంటే మూడేళ్ళు చిన్నది. నేను నోటి దురుసుదాన్ని, ఎవరేమన్నా వెంటనే అంటించేదాన్ని. అది అలా కాదు, అడుగుతుంది. చీమలు వరసగా ఎందుకు పోతాయి, పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ మనం కళ్ళు తెరిచామని ఎలా కనిపెడతాడు, రైలు పట్టాలు ఎండకు పెరుగుతాయా. అడిగి అడిగి మన ప్రాణం తీశాక, ఆ జవాబు పట్టుకుని పోయి కోళ్ళకు చెబుతుంది. మా పెరట్లో కోళ్ళన్నీ దానివే. ఒక్క రోజు ఊరెళ్ళాలన్నా ఏ కోడి పొదుగుతోంది, ఏ పుంజు పక్కింటివాళ్ళ పుంజుతో కొట్లాడుతోంది, నూకలు ఎంత వేయాలి, అంతా అమ్మకు అప్పజెప్పి గానీ గడప దాటేది కాదు. బస్సు హారన్ కొడుతున్నా సరే, కోళ్ళ సంగతి పూర్తి కావలసిందే.

తొమ్మిదో ఏట దానికి గొంతునొప్పి వచ్చి తగ్గింది. తర్వాత కీళ్ళు వాచాయి. ఇవాళ మోకాలు, రేపు మోచేయి. ఎదిగే పిల్లలకు ఉండేదేనన్నారు కొందరు, గాలి సోకిందన్నారు ఇంకొందరు. ఖమ్మంలో డాక్టరు ఛాతీ మీద పరికరం పెట్టి చాలాసేపు విన్నాడు. గొంతులో వచ్చిన జబ్బు గుండె కవాటానికి పట్టిందన్నాడు. ఇప్పటికైతే కొంచెమే. కానీ మళ్ళీ మళ్ళీ వస్తే కవాటం పాడవుతుంది. రాకుండా ఉండాలంటే ఇరవై ఒక్క రోజులకొక సూది, దానికి పాతికేళ్ళు వచ్చేదాకా వేయించాలి.

"ఒక్కటి కూడా తప్పొద్దు మాస్టారూ" అన్నాడు డాక్టరు. నాన్నకు బాగా అర్థమయ్యే భాష అది.

ఆ సూది ఎలాంటిదో చూసినవాళ్ళకు తెలుసు. తెల్లటి చిక్కటి మందు, లావు సూది. ముందు చేతి మీద కొంచెం వేసి పడుతుందో లేదో చూసి, అప్పుడు పిర్రకు వేస్తారు. వేసిన తర్వాత రెండు రోజులు చెల్లె కుంటుతూ నడిచేది. కుంటుతున్నందుకు నేను వెక్కిరించేదాన్ని కూడా. ఆ వయసులో అంతకంటే తెలివి లేదు.

అప్పట్లో మా దగ్గర ఆ సూది వేసేవాళ్ళు లేరు, దానికోసమే మమ్మల్నిద్దరినీ పాల్వంచ దాటాక, భద్రాచలం పోయే రోడ్డు మీద ఉన్న హాస్టల్లో వేశారు. కేథలిక్ సిస్టర్లు నడిపే హాస్టల్ అది. మేం ప్రొటెస్టెంట్లం కదా అని మా చర్చిలో ఇద్దరు ముగ్గురు గొణిగారు. అక్కడ డిస్పెన్సరీ ఉంది, సూది వేసే సిస్టర్ ఉంది, నాన్నకు అంతే కావాలి. గేటు బయటికి రెండడుగులు వేస్తే అడవే. ఎక్కువమంది ఆడపిల్లలు లోపలి గూడేల నుంచి, తండాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషల్లో మాట్లాడుకునేవాళ్ళు, మాతో తెలుగులో. ఇంగ్లీషంటే అందరం ఒకే రకంగా భయపడేవాళ్ళం. నేను మాత్రం భయపడనట్టు నటించేదాన్ని, తర్జుమా పంతులు కూతుర్ని కదా.

నేను పదో తరగతిలో, చెల్లె ఏడులో ఉన్నప్పుడు మా హాస్టల్‌కి వీసీడీ ప్లేయర్ వచ్చింది. వార్డెన్ సిస్టర్ ఖమ్మం వెళ్ళి రెండు డిస్కుల ఇంగ్లీషు సినిమా పట్టుకొచ్చింది. ఎప్పటిదో పేరున్న నవలను సినిమాగా తీశారట. ఎక్కడో చలి దేశంలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు పెరిగి పెద్దవాళ్ళయ్యే కథ. ఆడపిల్లలు చూడదగ్గ సినిమా అని సిస్టర్ ఉద్దేశం. ఆ నవలను చిన్నది చేసిన పుస్తకం ఒకటి హాస్టల్ బీరువాలో ఉండేది, డిక్షనరీ ముందు పెట్టుకుని నేను దాన్ని చదివేశాను. ఆ సంగతి నలుగురికీ తెలిసేలా కూడా చూసుకున్నాను.

"ఇంగ్లీషు సినిమా వీళ్ళకేం అర్థమైతది? నువ్వు నిలబడి చెప్పు బిడ్డా, మీ నాన్న లెక్క" అంది సిస్టర్.

ఆదివారం మధ్యాహ్నం. భోజనాల హాల్లో బల్లలు గోడకు జరిపి అందరూ కింద కూర్చున్నారు. టీవీ పక్కన నేను నిలబడ్డాను. చేతిలో మైకు లేదు కాబట్టి గరిటె పట్టుకున్నాను. అందరూ నవ్వారు. రెండో వరసలో చెల్లె దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. సూది వేసి ఒక్క రోజే అయింది, కాళ్ళు ఒక పక్కకు పెట్టుకుంది.

మొదటి డిస్కు పండగలా నడిచింది. మంచు చూసి "అది దూదా అక్కా?" అన్నారు. కాదని చెప్పాక "మరి బట్టలు యాడ ఆరేస్తరు?" అన్నారు. ఒక తండా పిల్ల చాలాసేపు చూసి చూసి, "గింతమంది ఆడపిల్లలున్నరు, ఒక్కతన్నా నీళ్ళకు పోదేంది?" అని అడిగింది. పెద్దక్కకు ఒక పిల్లవాడు నచ్చితే, అతనేం పని చేస్తాడన్నారు. పంతులన్నాను. "సర్కారు పంతులా, ప్రైవేటా?" అని ఇంకొకతె. సినిమాలో ఆ ఊసే లేదు. "సర్కారే" అన్నాను. హాలంతా తృప్తిగా నిట్టూర్చింది. అప్పటికే నేను నాన్న దారి వదిలేశాను. మాట కలిపితే నవ్వుతున్నారు, నవ్వుతుంటే ఇంకో మాట కలపాలనిపిస్తోంది. ఆ రోజు నా గొప్పకు అంతు లేదు.

ఆ ముగ్గురిలో చిన్నది బాతులు పెంచుతుంది. పొద్దున లేవగానే గౌను అంచులో గింజలు పోసుకుని పెరట్లోకి వెళ్తుంది, బాతులు దాని వెంట పరుగెత్తుతాయి. మా చెల్లె మోకాళ్ళ మీద లేచి మరీ చూసింది. "అక్కా, గవి ఏం తింటయి?" అని అడిగింది. "జొన్నలు" అన్నాను. అది కూడా నేను కలిపిందే.

రెండో డిస్కు పెట్టాక చిన్నది జబ్బు పడింది. మంచం పక్కన డాక్టరు కూర్చుని దాని ఛాతీ మీద చెవి ఆనించి విన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఈ కథలో చిన్నది చచ్చిపోతుందని. చదివిన పుస్తకమే. ఎలా మరిచిపోయానో తెలియదు. నన్ను నేను చూసుకుని మురిసిపోవడంలో మరిచిపోయాను, ఇంకేం లేదు. దుప్పటి కప్పుకున్న చెల్లె వైపు చూశాను. అది తెర మీద డాక్టరు చెవినే చూస్తోంది.

సినిమా నా కోసం ఆగదు కదా. పక్కన నిలబడి చెప్పేవాడికి ఆలోచించుకునే టైం ఉండదని నాన్న అనేవాడు. కిటికీ తెర కదిలింది. ఖాళీ మంచం కనిపించింది. పెద్దక్క దుప్పటి మడత పెడుతూ కూలబడి ఏడ్చింది. హాలంతా నా వైపు తిరిగింది.

"చిన్నదాన్ని పట్నం దవాఖానకు తీస్కపోయిండ్రు" అన్నాను. "తగ్గినంక గాడనే వాళ్ళ చిన్నమ్మ ఇంట్ల ఉండి చదువుకుంటదంట. అక్కకు ఎడబాటు కదా, గందుకే ఏడుస్తుంది."

"మరి అందరు నల్లబట్టలెందుకు ఏసుకున్నరు?" అంది ఒక గూడెం పిల్ల.

"చలికాలం ఆ దేశంల గట్లనే ఏసుకుంటరు."

మిగతా సినిమా అంతా ఆ అబద్ధాన్ని మోసుకుంటూ వెళ్ళాను. అక్క పెళ్ళిలో చిన్నది కనిపించకపోతే, పరీక్షలున్నాయి, సెలవు దొరకలేదన్నాను. అందరూ నమ్మారు. వార్డెన్ సిస్టర్‌కి ఇంగ్లీషు వచ్చు. ఆమె చివరి వరసలో కూర్చుని నా వైపే చూసింది. అయిపోయాక నన్ను పక్కకు పిలిచి తల మీద చెయ్యి వేసింది.

"మంచి పని చేసినవ్ బిడ్డా. మీ చెల్లెకు తెల్వకపోవుడే మంచిది."

నేను ఆ మాటకు పొంగిపోయాను. చెల్లె సంగతి మాత్రం ఒకటి నేను పట్టించుకోలేదు. ఆ సాయంత్రం అది నన్నేమీ అడగలేదు. పట్నం అంటే ఏ పట్నం, చిన్నమ్మ ఎప్పుడొచ్చింది, ఏం పరీక్షలు, ఒక్క ప్రశ్న లేదు. అన్నం తిని పడుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

పది అయిపోయి నేను ఇంటర్‌కి ఖమ్మం వెళ్ళాను. నేను లేకుండా చెల్లెను అంత దూరం ఉంచడం ఎందుకని నాన్న దాన్ని ఇంటికి తెచ్చేశాడు. కారేపల్లి హైస్కూల్లో వేశారు. అప్పటికి అక్కడి సర్కారు దవాఖానలోనూ ఆ సూది వేస్తున్నారు, ఇరవై ఒకటో రోజు బడి అయ్యాక చెల్లె పోయి వేయించుకునేది. అమ్మ అంగన్‌వాడీ పని, నాన్న బడి. మొదటి రెండు మూడు సార్లు అమ్మ వెంట వెళ్ళింది. తర్వాత "నేను చిన్నపిల్లనా? నేనే పోత" అంది చెల్లె. పెద్దదవుతోందని అందరం సంతోషించాం.

దానికో అట్ట కార్డు ఉండేది. సూది వేసినప్పుడల్లా తేదీ వేసి నర్సమ్మ సంతకం చేస్తుంది. నాన్న ఆ కార్డును బైబిల్లో పెట్టుకునేవాడు. సూది రోజు సాయంత్రం చెల్లె కుంటుకుంటూ వచ్చేది. నాన్న కార్డు తీసుకుని సంతకం చూసుకుని, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు. నేను సెలవులకు వచ్చినప్పుడు కళ్ళారా చూశాను. కుంటేది. కాగితం మీద రాసి ఉందంటే నాన్నకు అంత నమ్మకం.

మరుసటి ఏడాది క్రిస్మస్‌కి ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడేటప్పుడు చెల్లె రెండిళ్ళు తిరిగి మూడో ఇంటి అరుగు మీద కూర్చుండిపోయింది. ఊపిరి ఆడటం లేదంది. చెప్పులు విప్పి చూస్తే పాదాలు పొంగి ఉన్నాయి. ఖమ్మం డాక్టరు మళ్ళీ ఛాతీ విన్నాడు. కార్డు అడిగి తీసుకుని, ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు.

"ఒక్క సూది తప్పలేదు కదా మాస్టారూ. మరి గిట్లెందుకైంది?" అన్నాడు.

హైదరాబాదు తీసుకెళ్ళమన్నారు. బయలుదేరే రోజు ఆటో ఇంటి ముందు ఆగి ఉంటే, చెల్లె మెట్టు మీద కూర్చుని ఆయాసపడుతూనే అమ్మకు కోళ్ళ సంగతి అప్పజెప్పింది. నల్లపెట్ట గుడ్లు పక్కింటి గడ్డివాములో పెడుతోంది, వెతుక్కోవాలి, అని కూడా చెప్పింది.

హైదరాబాదులో పెద్ద సర్కారు దవాఖాన. ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్కన మంచం. పరీక్షలన్నీ చేశారు. ఐదో రోజు పొద్దున పెద్ద డాక్టరు పదిమంది స్టూడెంట్లతో వచ్చాడు. మంచి మనిషే, చెల్లె చెంప తట్టి "ఏమ్మా, తింటున్నవా?" అని తెలుగులో పలకరించాడు. తర్వాత స్టూడెంట్ల వైపు తిరిగి ఇంగ్లీషులో పాఠం చెప్పాడు. వాళ్ళు రాసుకున్నారు. ఆ పాఠం మా చెల్లె గుండె గురించి. పాఠం అయ్యాక పక్క మంచానికి వెళ్ళారు.

ఒక్కో మాటా నాకర్థమైంది. నాకంటే బాగా నాన్నకర్థమైంది.

"నాన్నా, ఏమన్నరు?" అంది చెల్లె.

ఏన్కూరు నుంచి ఇల్లెందు దాకా పేరున్న మనిషి. కుడిచెయ్యి మైకు పట్టుకున్నట్టు ఛాతీ దాకా లేచి అక్కడే ఆగిపోయింది. తువ్వాలతో మొహం తుడుచుకుని, నీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు. నీళ్ళ సీసా మంచం పక్కనే నిండుగా ఉంది.

అది నా వైపు తిరిగింది. ఏం చేయను నేను? మళ్ళీ పాత పనే చేశాను.

"మందులతోనే తగ్గుతదంట. ఆపరేషన్ అక్కర్లేదంట. ఇంటికి పోవచ్చంట" అన్నాను.

చెల్లె కొంచెం నవ్వింది. "సినిమా చెప్పినట్టు చెప్పకక్కా."

ఏ సినిమా అని అడగబోయాను.

"ఆ పిల్ల సచ్చిపోయింది కదా" అంది. "నాకు ఇంగ్లీషు రాదు గానీ కండ్లు లేవా? అది మంచం మీద లేని కాడ్నుంచి బాతులు ఒక్కతీరుగ తలుపు కాడికొచ్చి ఒర్లుతున్నయి. ఎవరూ గింజలెయ్యలె. పట్నం పోయేదైతే బాతులను ఎవరికో ఒకరికి చెప్పిపోదా?"

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నా పక్కనే తెర మీద బాతులు అరుస్తుంటే నేను చూడలేదు. కోళ్ళు పెంచేదానికే కనబడ్డాయి అవి.

"నువ్వు ఎందుకు మార్చినవా అని ఆలోచన చేసిన" అంది చెల్లె. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "సిస్టరమ్మ నీ నెత్తి మీద చెయ్యి పెట్టుడు చూసిన. నాకోసమే మార్చిండ్రని తెలిసింది. అంటే నాకూ గదే రోగం. అందరికీ తెలుసు, నాకే చెప్తలేరు అనుకున్న. ఎట్లయినా పోయేదాన్నే కదా, మళ్ళ గా సూదెందుకు అనిపించింది."

"ఏమంటున్నవే?"

"నేను ఏడాది కాడ్నుంచి సూది ఏపించుకుంటలేను అక్కా."

సూది రోజున దవాఖానకు బదులు రైలు స్టేషన్‌కి వెళ్ళేదట. బెంచీ మీద కూర్చుని బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టుకునేదట. చీకటి పడబోయే ముందు కార్డు మీద నర్సమ్మ సంతకం తనే గీసి, మా వీధి మలుపు దగ్గర్నుంచి కుంటడం మొదలుపెట్టేదట. దవాఖానలో నర్సమ్మ మారింది. కొత్తగా వచ్చినామెకు ఇలాంటి పిల్ల ఒకతె రావాలని కూడా తెలియదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారు. మా చెల్లెకు ఆ మందు వేసింది నేను. ఆ ఆదివారం ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే అది ఏడ్చేది. ఏడ్చి, అడగడం మొదలుపెట్టేది. దానికేం జబ్బు, మందులెందుకు వేయలేదు, నాదీ అలాంటిదేనా అని నా ప్రాణం తీసేది. నేను విసుక్కుంటూ అయినా చెప్పేదాన్ని, ఆ కాలంలో సూదులు లేవే, నీకున్నాయి, అని. అంతే. ఆ ఒక్క మాట సరిపోయేది. దాన్ని అడగనివ్వకుండా చేసింది నేను.

"నాన్నకు చెప్పకు" అంది. "కార్డు మీద ప్రార్థన చేసిండు కదా, తట్టుకోడు."

డాక్టరుకు మాత్రం చెప్పాను, ఆయన గదికి వెళ్ళి. ఇప్పుడు తెలిసి చేసేదేమీ లేదమ్మా అన్నాడాయన. నాన్నకు చెప్పలేదు. చివరి దాకా చెప్పలేదు. ఆయన బతికినన్నాళ్ళూ ఆ కార్డు బైబిల్లోనే ఉంది. "ఒక్క సూది తప్పలేదు కదా, దేవుడెందుకు గిట్ల చేసిండు?" అని ఎవరితోనో అంటూ ఉండేవాడు. ఆ దొంగ సంతకాలను వేలితో తడిమేవాడు. పక్కనే ఉండి వినేదాన్ని నేను. చెబితే ఆయనకు దేవుడి మీద కోపం పోతుంది, కూతురి మీద వస్తుంది. ఏది నయమో తేల్చుకోలేక ఏళ్ళు గడిపేశాను.

"ఇప్పుడు చెప్పు, పెద్ద డాక్టరు ఏమన్నడో" అంది చెల్లె ఆ రోజు. "నాన్న చెప్పినట్టు చెప్పు."

మంచం పక్కన నిలబడ్డాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు కవాటాలు పాడైనవి. గుండె పెద్దదైంది. ఆపరేషన్‌కి తట్టుకునే బలం ఈ అమ్మాయికి లేదు. నీరు తగ్గడానికి మందులివ్వాలి. ఇంటికి తీసుకెళ్ళమని చెప్పాలి. వాక్యం తర్వాత వాక్యం, ఒకటి చెప్పి ఆగి, ఇంకోటి చెప్పాను. ఒక్క మాట తీయలేదు. అది తలూపుతూ విన్నది, కూటంలో ముసలమ్మలు వింటారే, అలాగ.

ఇంటికి తెచ్చాం. అమ్మ నాటుకోడి చారు చేస్తానంటే చెల్లె ఒప్పుకోలేదు, నా కోళ్ళ జోలికి రావద్దంది. నేను ఆ ఏడు పరీక్షలు రాయలేదు. చేయగలిగిందేమీ లేదు, దాని వీపు వెనక దిండ్లు సరిచేయడం, మందులివ్వడం, పాదాల మీద వేలితో నొక్కి ఎంత గుంట పడుతోందో చూడడం. ఎండాకాలం గడిచింది. తొలకరి పడ్డ నాలుగైదు రోజులకు పోయింది.

దానికి వారం ముందు, ఒక మధ్యాహ్నం. అమ్మ అంగన్‌వాడీకి వెళ్ళింది. నాన్న బయట వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఆ పొద్దున్నే చెల్లె నన్ను మంచం దగ్గరికి పిలిచి, కోళ్ళన్నీ నాకు అప్పజెప్పింది. ఏది ఏ పూట ఎక్కడ ఉంటుందో, దేనికి కాలు నొప్పో, అంతా. నేను సరే సరే అంటూ విన్నాను. ఇద్దరిలో ఎవరమూ ఏడవలేదు.

అన్నం రెండు ముద్దలు తిన్నాక, "అక్కా, గా సినిమా మళ్ళ చెప్పు" అంది. "రెండో డిస్కు. సక్కగ చెప్పు ఈసారి."

చెప్పాను. డాక్టరు ఛాతీ మీద చెవి పెట్టాడు. బతకదన్నాడు. చిన్నది తెల్లవారుజామున చచ్చిపోయింది. అందరూ నల్లబట్టలు వేసుకున్నది అందుకే. పెళ్ళికి రానిది అందుకే. చచ్చిపోయిందన్న ఆ మాట అంతకుముందు నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. బాతులు తలుపు దగ్గర అరిచాయి, ఎవరూ గింజలు వేయలేదు, అది కూడా చెప్పాను.

చెల్లె కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందనుకున్నాను.

"మరి వాళ్ళక్క?" అంది.

ఎన్నాళ్ళకో అడిగింది నన్ను.

"ఏడ్చింది" అన్నాను.

"ఎన్ని రోజులు?"

ఏదో ఒకటి చెప్పడం నాకెంతసేపు? నాలుక చివరి దాకా వచ్చింది కూడా. దాని చెయ్యి పట్టుకున్నాను.

"సినిమాల చూపియ్యలేదే" అన్నాను.